సిపాయిల నీళ్లు పారిన మడి

1991 ఏప్రిల్ నెల, మూడో శనివారం, పొద్దున తొమ్మిది గంటలకు మా లేబర్ క్యాంపు వెనక ఉన్న కూరగాయల మడి మీదికి షేవల్ వచ్చింది. షేవల్ అంటే ముందు పెద్ద తొట్టి ఉండి మట్టిని గీకి ఎత్తే బండి. అది మా కంపెనీదే. నడిపినవాడు మా క్యాంపువాడే. కువైట్ యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

ఆ యుద్ధం గురించి చదువుకున్నవాళ్లు చాలా రాశారు. ఎన్ని విమానాలు, ఎన్ని బాంబులు అన్నీ రాశారు. మా మడి సంగతి ఎవరూ రాయలేదు, రాయరు కూడా. నేను అక్షరాలు నేర్చుకున్నదే సౌదీ నుంచి తిరిగొచ్చాక, మనవరాలి పలక మీద. నాకు తెలిసింది నేనే రాసుకోవాలి. ఆ మడి పోతే ఒక మనిషి బతకడని క్యాంపులో అందరికీ తెలుసు. తెలిసే జరిగింది.

ఆ మనిషి మా అక్క మొగుడు. నన్ను సౌదీకి తెచ్చింది కూడా ఆయనే. దమ్మాం నుంచి రాస్ తనూరా పోయే దారిలో, రోడ్డుకు బాగా లోపల, ఇసుకలో మా క్యాంపు. పైపులు వేసే కంపెనీ. బావ మేస్త్రీగా చేసేవాడు. కొన్నేళ్లకు కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. దమ్మాం ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు మిషను పక్కన పడుకోబెట్టి రక్తం కడిగేవాళ్లు. అలాంటి మిషను ఆ రోజుల్లో మా జిల్లాలో లేదు. హైదరాబాదులో ఉందని విన్నాం. బతికినన్నాళ్లూ వారానికి రెండుసార్లు హైదరాబాదు పోయి రక్తం కడిగించుకునే ఇల్లు కాదు మాది. సౌదీలో ఇకామా చేతిలో ఉన్నంతకాలం ఆ ఖర్చు కంపెనీ మీద పడేది. ఇకామా అంటే అక్కడ ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే కార్డు. పని లేకపోతే ఇకామా లేదు. ఇకామా లేకపోతే మిషను లేదు.

పని చేయలేని బావకు పని చూపించినవాడు మా క్యాంపు బాసు. ఈజిప్టువాడు, మేము ముదీర్ అని పిలిచేవాళ్లం. దయ వల్ల కాదు, నాలుక వల్ల. వాళ్ల దేశంలో ములుఖియా అని ఒక జిగట ఆకుకూర వండుకుంటారు. అది తాజాగా దొరికితే ఆయనకు ఇంకేం అక్కరలేదు. బావ ఎక్కణ్ణుంచో గింజలు సంపాదించి, ఇసుకలో పేడ మట్టి కలిపి, దాన్ని మొలిపించాడు. మొదటి కోత తిన్న రోజే క్యాంపు బాసు బావను కాగితాల మీద తోటమాలిని చేశాడు.

నీళ్లు? మా రూముల ఏసీలు వేడికి రోజంతా చుక్కచుక్కగా కారేవి. వాటి కింద నూనె డబ్బాలు పెట్టేవాళ్లం. సాయంత్రం బావ ఆ డబ్బాలన్నీ తెచ్చి మడిలో పోసేవాడు. ఆ చుక్కల మీదే గోంగూర, మిరప, బచ్చలి, ఒక బీర పందిరి. మెస్సులో మా కూర ఉన్న రోజు కేరళవాళ్లు, పాకిస్తానీలు కూడా మా పళ్లేల చుట్టూ తిరిగేవాళ్లు. బావకు మాత్రం తినే రాత లేదు. ఆకుకూరలు కిడ్నీ మనిషికి మంచివి కావని డాక్టరు చెప్పాడు. నీళ్లు కూడా గ్లాసులు లెక్కపెట్టుకునే తాగాలి. పెదవులు ఎండిపోతే తడిగుడ్డతో ఒత్తుకుంటూ మొక్కలకు నీళ్లు పోసేవాడు.

మడిలో ఒక మూల వియత్నామాయనది. మా క్యాంపు జనరేటర్ల మెకానిక్. పుట్టింది వియత్నాంలో, దేశం విడిచి పడవ మీద పోయి, ఇంకో దేశం పాస్‌పోర్టు మీద సౌదీకి వచ్చాడు. యాభై దాటినవాడు. సన్నగా, ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. మాలో మేము అరబ్బీ ముక్కలు, హిందీ ముక్కలు, చేతి సైగలు కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఆయన మమ్మల్ని రఫీక్ అనేవాడు, అంటే దోస్తు. ఆయన మాటల్ని నా మాటల్లోనే రాస్తున్నాను. ఆయన తన మూలలో ఒక తీగ కూర నాటాడు. చూస్తే మన తూటికూరే.

"గిది మా దిక్కు బర్లు తింటయి భాయ్," అన్నాడు బావ.

"మా దేశంలో రాజులు తిన్నారు."

"గట్లయితే మీ రాజులు మా బర్లకు చుట్టాలన్నట్టు."

ఆయన నవ్వి, ఒక కట్ట కోసి బావ చేతిలో పెట్టి, "తీసుకో, మీ బర్రెకు పంపు," అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకటయ్యారు.

ఇరాక్ సైన్యం కువైట్ మీద పడింది 1990 ఆగస్టులో. తరవాత మా వైపు బయటి దేశాల సిపాయిలు దిగారు. అమెరికావాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంకా ఎవరెవరో. మా పక్కన దిగినవాళ్లు ఏ దేశంవాళ్లో మేము అడగలేదు. అడిగితే చెప్పేవాడు కూడా లేడు. ముందు ఒక జీపు వచ్చి దిబ్బ మీద ఆగింది. ఇద్దరు దిగి దుర్బిణి పెట్టి నాలుగు వైపులా చూసి పోయారు. తరవాతి వారం నాలుగు గుడారాలు. ఆ తరవాత ఎటు చూసినా గుడారాలే. ముళ్ల తీగ చుట్టారు. కాపలా మంచె కట్టారు. మేము పనికి పోయేటప్పుడు ఒకలాగ, వచ్చేటప్పుడు ఒకలాగ కనిపించేది ఆ నేల. వియత్నామాయన జనరేటరు గదిలోంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, దాన్నంతా చూసి మళ్లీ లోపలికి పోయేవాడు.

ఒక శుక్రవారం మడి గట్టు మీద కూచున్నప్పుడు బావ అడిగాడు.

"ఏంది వియత్నాం, వాళ్ల దిక్కే చూస్తానవు. చుట్టాలా?"

"చుట్టాలే. మా ఇంటికి చాలాసార్లు వచ్చారు."

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయన పుట్టేనాటికే ఆ దేశం ఫ్రెంచివాళ్ల కింద ఉంది. పెద్ద యుద్ధంలో జపానువాళ్లు వచ్చి కూచున్నారు. జపాను ఓడిపోగానే, మా దేశం ఇక మాదే అన్నారు వీళ్లు. ఈయన చిన్నపిల్లాడు. ఊరూరా జెండాలు కట్టారట. ఆ జెండాల రంగు వెలవక ముందే ఇంగ్లీషువాళ్ల సైన్యం దిగింది. జపానువాళ్ల తుపాకులు తీసుకుపోవడానికి వచ్చామన్నారు. తీసుకుని, ఫ్రెంచివాళ్లను మళ్లీ తెచ్చి కూచోబెట్టి పోయారు.

"ఆ ఇంగ్లీషు సైన్యంలో సిపాయిలు ఎవరో తెలుసా?" అని బావను అడిగాడు.

"ఇంగ్లీషోళ్ల సైన్యంల ఇంగ్లీషోళ్లే ఉంటరు."

"మీవాళ్లు. హిందీలు. మా ఊరి వంతెన మీద తుపాకీ పట్టుకుని నిలబడింది మీవాళ్లే. నాకు రొట్టె ముక్క కూడా ఇచ్చారు."

 "మా మెడ మీద ఇంగ్లీషోడు కూసోంగ, మావోళ్లు మీ మెడ మీద కూసున్నరన్నట్టు," అన్నాడు బావ.

"వాళ్లకేం తెలుసు? జీతం. ఎక్కమన్న ఓడ ఎక్కారు."

అక్కణ్ణుంచి ఎనిమిది తొమ్మిదేళ్లు ఫ్రెంచివాళ్లతో యుద్ధం. వాళ్లకు తుపాకులకూ మందుగుండుకూ డబ్బు అమెరికా ఇచ్చిందట. ఆయన పెద్దన్న అడవిలోకి పోయాడు, తిరిగి రాలేదు. చివరికి ఫ్రెంచివాళ్లు ఒక కొండల లోయలో చిక్కుకుని ఓడి, దేశం వదిలిపోయారు. పోయేటప్పుడు దేశాన్ని రెండు ముక్కలు చేశారు. రెండేళ్లలో ఓట్లు పెట్టి కలుపుతామన్నారు. పెట్టలేదు.

"ఫ్రెంచివాళ్లు పోయారని మా నాయన పంది కోసి ఊరికి పెట్టాడు," అన్నాడు వియత్నామాయన. "ఆ తరవాత అమెరికావాళ్లు వచ్చారు. సిపాయిల్లాగ రాలేదు. కొద్దిమందే. సలహా చెప్పడానికి వచ్చామన్నారు. పాలపొడి పంచారు. మా నాయనకు పొలంలో నీళ్ల పంపు ఇచ్చారు. పొలం మూల ఒక రేడియో స్తంభం పాతుకుంటామన్నారు. పంపు ఇచ్చినవాణ్ణి స్తంభానికి వద్దంటామా? తరవాత స్తంభానికి కాపలా అన్నారు. కాపలావాళ్లకు ఇల్లు, ఇంటికి రోడ్డు, రోడ్డుకు కాపలా. సలహా చెప్పేవాళ్లు పోయి పటాలాలు వచ్చాయి. కొరియావాళ్లు వచ్చారు, ఆస్ట్రేలియావాళ్లు వచ్చారు. ఒకరోజు ఊరినంతా తోలుకుపోయి వెదురు కంచె లోపల పెట్టారు. మీ మంచికే అన్నారు. మా పొలం విమానాలు దిగే బాట అయింది."

"మీరు కొట్లాడిన్రు కాబట్టి గట్లయింది," అన్నాడు బావ. "ఈడ ఎవడు కొట్లాడుతాండు? ఈ దేశపోళ్లే పిలిచిన్రు. పని అయిపోతే పోతరు."

"మా దేశంలో కూడా పిలిచారు రఫీక్. ఎప్పుడూ ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిచినవాడి పొలం పోదు."

"నువ్వప్పుడు ఏం చేసినవ్?" అని నేను అడిగాను.

"ఆ విమానాల బాట పక్కన వాళ్ల జనరేటర్లు చూశాను. ఈ పని నాకు నేర్పింది వాళ్లే."

"అంటే వాళ్ల కూడు నువ్వు గూడ తిన్నవన్నట్టు," అన్నాడు బావ.

"తిన్నాను. తిననివాడు చెప్తే నువ్వు వినవద్దు. తిన్నవాణ్ణి చెప్తున్నా."

బావ వినలేదు. వినకపోవడానికి కారణం మెట్ట రైతు కావడం. సిపాయిలు మా వైపు ముళ్ల తీగకు ఆనుకునే స్నానాల గుడారాలు వేసుకున్నారు. ట్యాంకర్ల కొద్దీ నీళ్లు తెచ్చుకునేవాళ్లు. పొద్దునా సాయంత్రం వందల మంది స్నానం చేస్తే, ఆ నీళ్లన్నీ ఇసుకలోకి పోయి ఇంకిపోయేవి. మేమిక్కడ ఏసీ చుక్కలు పట్టుకుంటున్నాం. బావ రోజూ తీగ దగ్గర నిలబడి ఆ నీళ్ల వంక చూసేవాడు. బోరు ఎండితే పొలం అమ్ముకుని పరాయి దేశం వచ్చిన మనిషి. పారే నీళ్లు వృథాగా పోతుంటే ఆయన కంటికి ఇంకేదీ ఆనదు.

"అడుగుత," అన్నాడు నాతో.

"వద్దు బావా. ఆయన గంత చెప్పె గదా."

"స్నానం చేసిన నీళ్లురా. వాళ్లకు పారబోసేటియి. ఇస్తే ఏం పోతది, తీసుకుంటే ఏం పోతది?"

ఖాళీ బకెట్టు పట్టుకుని తీగ దగ్గరికి పోయి, నీళ్లను చూపించి, మడిని చూపించి సైగలు చేశాడు. లోపలున్న సిపాయిలు నవ్వారు. మంచివాళ్లే, ఎందుకు అబద్ధం రాయాలి. వాళ్ల పెద్దను పిలిచారు. ఆయన సరే అన్నాడు. సరే అనడమే కాదు, మర్నాడు తీగ కింది నుంచి ప్లాస్టిక్ పైపు కూడా వేసిచ్చారు. బావ పైపు మొదట్లో గుంట తీసి, ఈత పీచు, ఇసుక వేసి సబ్బు నురగ ఆగేలా చేసుకున్నాడు. గుంట నుంచి మడికి కాలువ తీసి, సిమెంటు సంచులు పరిచాడు. నీళ్లు మొదటిసారి కాలువలో పారిన సాయంత్రం మేమంతా గట్టు మీద నిలబడి చూశాం. ఆ నీళ్లు చూసి నాక్కూడా మనసు నిండింది.

వియత్నామాయన తన మూలకు ఆ నీళ్లు పారనివ్వలేదు. మట్టితో అడ్డు కట్టుకున్నాడు.

"వాళ్ల నీళ్లు పారిన నేల వాళ్లదవుతుంది," అన్నాడు.

"నీళ్లకు దేశముంటదా?" అన్నాడు బావ.

"నీళ్లకు ఉండదు. పైపుకు ఉంటుంది."

బావ దానికి కూడా నవ్వాడు. మడి రెండింతలయింది. క్యాంపు బాసుకు ములుఖియా వారం పొడుగునా.

జనవరిలో బాంబులు మొదలయ్యాయి. సైరన్ మోగితే విషవాయువు భయంతో సిపాయిలు మొహాలకు మాస్కులు వేసుకుని గుంటల్లోకి దిగేవాళ్లు. మాకు మాస్కులు ఇవ్వలేదు. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకోమన్నారు. చాలామంది ఇంటికి పంపమని కంపెనీ ఆఫీసు ముందు కూచున్నారు. బావ కూచోలేదు. ఇంటికి పోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. కంపెనీ బస్సు రాని రోజున వియత్నామాయన తన పికప్‌లో బావను ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. దారి పొడుగునా సైనికుల లారీలే, మధ్యలో వీళ్ల పికప్. ఆ యుద్ధం అంతా బావ అలా గడిపాడు. ఆయనకేమీ కాలేదు.

అయిపోయింది. కువైట్ విడిపించాం, ప్రమాదం తీరగానే పోతాం అని సిపాయిల పెద్దలు అన్నారట. మా క్యాంపులో రేడియో వినే కేరళ కుర్రాడు, మలబారీ తమ్ముడు అనేవాళ్లం, చెప్పాడు. మేము కూడా అదే అనుకున్నాం. గుడారాలు కొన్ని పీకారు. పీకిన చోట సిమెంటు లారీలు వచ్చి ఆగాయి.

ముందు పైపు చుట్టూ తీగ వేశారు. పైపు మాది, చూసుకోవాలి అన్నారు. తరవాత గుంట చుట్టూ వేశారు. పైపు గుంటలోకే వస్తోంది కాబట్టి. మార్చిలో సిపాయిల ఆఫీసరు ఒకడు, ఒక దుబాసీ, మా క్యాంపు బాసు ముగ్గురూ మడి దగ్గరికి వచ్చారు. తడి నేల, ఈగలు, దోమలు, సిపాయిలకు రోగాలు వస్తాయి అన్నాడు ఆఫీసరు. వాళ్లు కడుక్కున్న నీళ్లే అవి. బావ పార తెచ్చి, ఆయన ముందరే కాలువ పూడ్చేశాడు. మళ్లీ ఏసీ డబ్బాలు మోశాడు. మడి సగం ఎండింది.

రెండు వారాలకు మళ్లీ వచ్చారు. ఇప్పుడు పొడిగా ఉంది, గట్టిగా ఉంది, మా గోడ ఇక్కడి నుంచి పోతుంది అన్నారు.

బావ క్యాంపు బాసు చెయ్యి పట్టుకున్నాడు. "ముదీర్, మడి పోతే నా పని పోతది. పని పోతే నేను పోత. నీకు తెల్వదా?"

"నేల నాదా? కంపెనీదా? సర్కారుది. సర్కారు వాళ్లకిచ్చింది."

"ఆఫీసు ముంగట కుండీలల్ల పెంచుత. నీ కూర నీకిస్త."

"కుండీలకు తోటమాలి ఎందుకని పైవాళ్లు అడుగుతారు. అడిగారు కూడా."

వియత్నామాయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. అప్పటిదాకా వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడనివాడు ఆ రోజు ఆఫీసరు ముందుకు పోయి మాట్లాడాడు. ఈ మనిషికి ఈ మడి పోతే మందు పోతుందని, గోడ పది గజాలు అవతల కట్టుకోమని అడిగాడట. ఆఫీసరు శ్రద్ధగానే విన్నాడు. చాలా బాధగా ఉంది అన్నాడు. సాయంత్రం బావ కోసమని ఒక అట్టపెట్టె పంపించాడు. దాన్నిండా నారింజ రసం డబ్బాలు. కిడ్నీ మనిషి ముట్టుకోకూడని వాటిలో ఆకుకూరల కంటే ముందు అది.

"ఏమన్నడు?" అని బావ వియత్నామాయనను అడిగాడు.

"బాధగా ఉందన్నాడు."

"మీ నాయనకు గూడ గట్లనే చెప్పిన్రా?"

"మా నాయనకు బిస్కెట్లు ఇచ్చారు."

శనివారం వచ్చింది. షేవల్ నడిపే పఠాను రోజూ మా మిరపకాయలు కొరుక్కుని రొట్టె తినేవాడు. మడి దగ్గర ఇంజను ఆపి, దిగి, తల గోక్కుంటూ నిలబడ్డాడు. "చాచా, మాఫ్ కర్నా. మై నహీ కరూఁ తో దూస్రా కరేగా," అన్నాడు. తను చేయకపోతే ఇంకొకడు చేస్తాడని.

"తెలుసు ఖాన్ సాబ్," అన్నాడు బావ. "గిట్ల నుంచి రా. పందిరి ఆఖరుకు తియ్యి. ముందు మావోళ్లు కట్టెలు పీకుతరు, పనికొస్తయి."

ఆయన్ను ఎవరూ అడగలేదు. పని ఎట్లా చేయాలో చెప్పకుండా ఉండలేని మనిషి, మేస్త్రీ. మేము కట్టెలు పీకాం. నేను కూడా పీకాను. అంతకు ముందే క్యాంపు బాసు వచ్చి ములుఖియా అంతా కోయించి సంచిలో పెట్టించుకున్నాడు. షేవల్ నాలుగుసార్లు పోయి వచ్చింది. మడి ఉన్నచోట ఇసుక మిగిలింది. క్యాంపు బాసు సంచిని కారులో పెట్టి, జేబులోంచి కాగితం తీసి బావకు ఇచ్చాడు. ఎగ్జిట్, అంటే ఇకామా తీసేసి ఇంటికి పంపే కాగితం. బావ దాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకుని, "బామ్మర్దీ, నేను సగమే తాగిన ఇయ్యాల. ఇంకో గ్లాసు నీళ్లియ్యి," అన్నాడు. ఇచ్చాను. ఇంకొకటి అడిగాడు. అదీ ఇచ్చాను.

ఊరికి పోయాక మా అక్క రెండుసార్లు హైదరాబాదు తీసుకుపోయింది. మూడోసారికి దారి లేకపోయింది. వానలు మొదలు కాకముందే పోయాడు. ఆఖరి చూపుకు నేను పోలేకపోయాను. నాకు సెలవు దొరకలేదు.

తరవాత నన్ను రియాద్ పంపించారు. ఒక శుక్రవారం అక్కడి బతా బజారులో, మెస్సుల సందులో, వియత్నామాయన ఎదురుపడ్డాడు. బావ సంగతి అడిగాడు. చెప్పాను. నేను ముందే చెప్పాను అని ఆయన అనలేదు. అనొచ్చు. చాయ్ ఇప్పించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూచుని పోయాడు. ఇంకా కొన్నేళ్లకు కంపెనీ బస్సులో రాస్ తనూరా పోతూ ఆ దారిలో చూశాను. మా క్యాంపు లేదు. మడి మీద గోడ, గోడ మీద తీగ, వెనక రెండంతస్తుల కాంక్రీటు ఇళ్లు. ప్రమాదం తీరాక పోతామన్నారు కదా, ఏ ప్రమాదమో, ఎప్పుడు తీరుతుందో బస్సులో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన పిల్లలు అవి ఎవరి ఇళ్లని నన్నే అడిగారు.

ఆ శనివారం మడి దగ్గర ఉన్నవాళ్ల పేర్లు రాయను, వాళ్లకు ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. మనుషుల్ని చెప్తాను. షేవల్ నడిపిన పఠాను. సంచి పట్టుకున్న క్యాంపు బాసు. జనరేటరు గది గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని వియత్నామాయన. రేడియో వినే మలబారీ తమ్ముడు. పందిరి కట్టెలు పీకినవాళ్లలో ఆర్మూరు దిక్కు మేదరాయన ఒకడు, జగిత్యాల దిక్కు అన్నదమ్ములు ఇద్దరు. నేను. మా బావ. సిపాయి మాత్రం ఒక్కడు కూడా లేడు.